గులాబీ అత్తరూ, ఒకే లైసెన్సూ

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘గులాబీ అత్తరు’ చదివినవాళ్లకి ఆ కథ గుర్తుండే ఉంటుంది. ఒక పనివాడు ఏళ్ల తరబడి కష్టపడి అపురూపమైన అత్తరు తయారుచేస్తాడు. దాని విలువ తెలిసిన ప్రభువు పెద్దాపురంలో ఉన్నాడని విని అక్కడికి వస్తాడు. సరుకు గొప్పది, ప్రభువు రసికుడు. చిక్కంతా ఆ ఇద్దరి మధ్యా ఉన్న ఉద్యోగులతోనే. చివరికి అత్తరు ప్రభువు చేతికి చేరదు, కోట బయటే గాలిపాలవుతుంది. చేసినవాడికి ఏమీ మిగలదు.

ఈ కథని నేను మళ్లీ తీయడానికి కారణం ఒక ప్రభుత్వ పత్రం. కేంద్రంలో పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ (అందరూ డీపీఐఐటీ అనేది దీన్నే) కృత్రిమ మేధకీ కాపీరైటుకీ మధ్య తగువు తేల్చమని 2025 ఏప్రిల్‌లో ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ డిసెంబరు 8న మొదటి భాగం విడుదల చేసింది. పేరు ‘ఒకే దేశం, ఒకే లైసెన్సు, ఒకే చెల్లింపు’. స్టేక్‌హోల్డర్లంతా అభిప్రాయాలు చెప్పండని 30 రోజులు గడువిచ్చారు, తర్వాత దాన్ని పొడిగించారు. నేను చదివింది ఇంగ్లీషు ప్రతి. కథనో కవిత్వాన్నో చదివినట్టే దీన్నీ చదవొచ్చని నాకనిపించింది: ఇందులో పాత్రలెవరు, మాట్లాడుతున్నదెవరు, ఎవరి గొంతు వినపడటం లేదు?

ముందు పత్రం ఏం చెబుతోందో చూద్దాం. చాట్‌బాట్లు తయారుచేసే కంపెనీలు తమ యంత్రాలకి భాష నేర్పడానికి కోట్లకొద్దీ పేజీలు మింగించాయి. ఆ పేజీల్లో చాలావాటి మీద ఎవరికో ఒకరికి హక్కుంది. అడగకుండా తీసుకున్నారని 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తాసంస్థ ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. పుస్తక ప్రచురణకర్తల సమాఖ్య కూడా అందులో గొంతు కలిపింది. కమిటీ సంప్రదింపులు జరిపితే రెండు వాదనలు వచ్చాయి. మా పనికి చట్టంలో మినహాయింపు ఇచ్చేయండి, ఎవర్నీ అడగక్కర్లేకుండా చెయ్యండి అన్నాయి టెక్ కంపెనీలు. మమ్మల్ని అడిగి, బేరం కుదిరితేనే తీసుకోవాలి అన్నారు కంటెంటు తయారుచేసేవాళ్లు. కమిటీ రెండూ కాదంది. చట్టబద్ధంగా చేతికందిన ఏ రచననైనా కంపెనీ వాడుకోవచ్చు, రచయిత కాదనడానికి వీల్లేదు. కానీ దాని మీద డబ్బు సంపాదించడం మొదలుపెట్టాక రాబడిలో ఇంత అని కట్టాలి. ఎంత అనేది ప్రభుత్వం నియమించిన కమిటీ నిర్ణయిస్తుంది. వసూలు చేసి పంచడానికి సీఆర్‌సీఏటీ అనే కొత్త సంస్థ. అందులో సభ్యులు కాపీరైటు సొసైటీలూ, సంఘాలూ; విడి రచయితలు కారు. రచయిత తన వాటా తీసుకోవాలంటే తన రచనని నమోదు చేయించుకోవాలి.

దీన్ని వెంటనే తిట్టిపోయడం నాకు న్యాయంగా అనిపించదు. కమిటీలోనే నాస్కామ్ దీంతో విభేదించింది. మినహాయింపు ఇచ్చి, వద్దనుకున్నవాళ్లని మాత్రం ‘మాకొద్దు’ అని చెప్పనిస్తే చాలని దాని వాదం. వినడానికి మర్యాదగానే ఉంది. కానీ ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి? సొంత వెబ్‌సైటు ఉన్న పత్రికాధిపతి యంత్రాలు రాకుండా కంచె వేసుకోగలడు. అమలాపురంలో రిటైరైన టీచరుగారి కథ ఎవరి సైట్లోనో, ఎవరి పీడీఎఫ్‌లోనో తిరుగుతుంటే ఆయన ఏ కంచె వేస్తాడు? చిన్న రచయితలకి ఆ దారి పనికిరాదని కమిటీ గుర్తించింది. బ్రిటన్‌లో 2024 డిసెంబరులో ప్రభుత్వం ఇలాంటి ‘మాకొద్దు’ పద్ధతినే ముందుకు తెచ్చి అభిప్రాయాలడిగితే 11,500కి పైగా జవాబులు వచ్చాయి. సంగీతకారులు ఖాళీ స్టూడియోల చప్పుడుతో ఒక నిశ్శబ్ద ఆల్బం విడుదల చేసి మరీ నిరసన చెప్పారు. అంచేత మన కమిటీ చిన్నవాడి పేరెత్తడం మంచిదే.

పేరైతే ఎత్తింది గానీ, చిన్నవాడికి ఆ డబ్బు ఏ దారిన చేరుతుంది? నా పేచీ ఇక్కడే.

గోదావరి డెల్టా వాళ్లకి ఈ సంగతి వేరే ఉదాహరణతో చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీళ్లున్నంత మాత్రాన శివారు పొలానికి అందుతాయన్న నమ్మకం లేదు. పెద్ద కాలవ, పిల్ల కాలవ, తూము, బోదె, మధ్యలో లస్కరు. పైనున్న చేలు తడిశాకే కిందివాడి వంతు. ‘ఆయకట్టంతటికీ నీళ్లిచ్చాం’ అని కాయితం మీద రాసుకున్న ఏడాది కూడా శివారు రైతు ఇంజను పెట్టి తోడుకుంటాడు. డబ్బు పారడం కూడా ఇలాగే ఉంటుంది.

తెలుగు సాహిత్యంలో కాలవ ఎంతదాకా తవ్వి ఉందో చూడండి. సినిమా పాటకి ఐపీఆర్ఎస్ ఉంది. పాట వినిపించినచోటల్లా వసూలుచేసి రచయితకీ స్వరకర్తకీ పంచడం దాని పని. 2012లో చట్టం సవరించాక పాటల రచయితల వాటా గట్టిపడింది కూడా. మరి కథకి? కవితకి? ఫొటోకాపీ హక్కుల కోసం పుట్టిన ఐఆర్‌ఆర్‌వో అనే సొసైటీ ఒకటుంది. నాకు తెలిసిన తెలుగు కథకుల్లో దాని పేరు విన్నవాళ్లే తక్కువ. పిఠాపురం ప్రాంతం నుంచి వచ్చిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారినే తీసుకోండి. ఆయన 1980లో పోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క, అంటే ఆయన రచనల మీద హక్కు 2040 చివరిదాకా ఉంటుంది. ఒకే మనిషి రాసిన సినిమా పాటకి వసూలుకాలవ ఉంది, ‘కృష్ణపక్షం’కి లేదు. రేపు సీఆర్‌సీఏటీలో ‘సాహిత్యం’ అన్న కుర్చీలో కూర్చునేది ఎవరు? ఢిల్లీలో ఆఫీసున్న సంఘమేనా? వాళ్ల పుస్తకాల పట్టికలో రాజమండ్రిలో అచ్చయిన 500 కాపీల కథాసంపుటి ఉంటుందా?

మనవైపు పుస్తకం ఎలా వస్తుందో అందరికీ తెలుసు. డీటీపీ డబ్బులు రచయితవే, ముఖచిత్రం స్నేహితుడు వేసిపెడతాడు, ప్రింటింగు ఖర్చు కూడా రచయితదే. ఆవిష్కరణ సభలో సగం కాపీలు పంచుతాడు. మిగతావి మంచం కింద. ఒప్పందం అన్న మాట ఎక్కడా రాదు, నోటిమాటే. ఇక్కడొక విచిత్రం ఉంది. 1957 కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. అంటే వారపత్రికలకి పంపిన, సంకలనాల్లో వేసుకున్న మన కథల్లో చాలావాటి హక్కు ఇప్పటికీ రచయితదే, ఆయన పోతే వారసులదే. చట్టం దృష్టిలో ఆ టీచరుగారు హక్కుదారే. సంప్రదింపుల దృష్టిలో మాత్రం కనపడడు. ఎందుకంటే అక్కడ కనపడాలంటే ఏదో ఒక సంఘం లెటర్‌హెడ్ ఉండాలి.

‘స్టేక్‌హోల్డర్’ అనే మాట దగ్గర నేను ఆగిపోయింది కూడా ఇందుకే. పత్రికల్లో దీన్ని ‘భాగస్వామ్య పక్షాలు’ అంటున్నారు. పక్షం అంటేనే గుంపు. గుంపులో లేనివాడికి ఆ మాటలో చోటులేదు.

నమోదు సంగతి ఇంకా లోతైనది. మన చట్టంలో రచన రాసిన క్షణమే హక్కు పుడుతుంది. ఏ ఆఫీసుకీ వెళ్లక్కర్లేదు, ఏ ఫారమూ నింపక్కర్లేదు. అంతర్జాతీయంగా బెర్న్ ఒప్పందం పట్టుకున్న సూత్రమూ ఇదే. ఇప్పుడు కాదనే హక్కు ఊరికే పోతుంది, డబ్బు మాత్రం నమోదైతేనే వస్తుంది. అంటే పోగొట్టుకోవడానికి ఏమీ చెయ్యక్కర్లేదు, పొందడానికే తిరగాలి. అమెరికాలో ఏం జరిగిందో చూశాం. దొంగ ప్రతుల నుంచి పుస్తకాలు దించుకున్నందుకు ఆంత్రోపిక్ కంపెనీ 2025లో 150 కోట్ల డాలర్లకి రాజీపడింది. సుమారు 5 లక్షల పుస్తకాలు, ఒక్కోదానికి దాదాపు 3 వేల డాలర్లు. కానీ అమెరికా కాపీరైటు ఆఫీసులో గడువులోగా నమోదైన పుస్తకాలకే ఆ లెక్క. మంచం కింద కట్టలుగా ఉన్న పుస్తకం ఇలాంటి ఏ పట్టికలోకీ తనంతట తాను ఎక్కదు.

ఇప్పటికే తీసుకుపోయినదాని మాటేంటి? 2000 తర్వాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. పాత గ్రంథాలయాల ముద్రలతో, చెదలు తిన్న అంచులతో ఉన్న ఆ పేజీలు చూసి సంతోషపడని తెలుగు పాఠకుడు లేడు. నాకూ వాటి రుణం ఉంది. కానీ హక్కు తీరనివీ వాటిలో కలిసిపోయాయి. ఆ సైటు తర్వాత మూతపడింది, ప్రతులు మాత్రం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉండిపోయాయి. భారతీయ భాషల యంత్రాలకి కావలసిన మేత పోగుచేసేవాళ్లు పీడీఎఫ్‌ల దగ్గరకే వెళతారు, వేరే చోట తెలుగు అంత దొరకదు గనక. అలాంటి పుస్తకం ‘చట్టబద్ధంగా చేతికందింది’ అవుతుందా? పాలగుమ్మి పద్మరాజుగారు 1983లో పోయారు, ఆయన రచనల మీద హక్కు 2043 చివరిదాకా ఉంటుంది. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణగారివైతే 2071 దాకా. ఇలాంటివారి పుస్తకం స్కానై ఎక్కడో ఉచితంగా దొరికితే, దాన్ని తీసుకున్న కంపెనీ తప్పు చేసినట్టా, చట్టబద్ధంగా అందుకున్నట్టా? తెలుగుకి సంబంధించినంతవరకూ అన్నిటికన్నా ముందు తేలాల్సిన ప్రశ్న ఇది.

శ్రీపాదగారి విషయంలో ఆ చిక్కు లేదు. ఆయన 1961లో పోయారు. 2022 జనవరి 1 నుంచి ఆయన రాసిందంతా అందరిదీ. ‘గులాబీ అత్తరు’ని ఎవరైనా అచ్చేసుకోవచ్చు, యంత్రానికి తినిపించుకోవచ్చు. అది సబబే కూడా. అరవయ్యేళ్ల తర్వాత కథ లోకానికి చెందాలన్న నియమం లేకపోతే పాత సాహిత్యం వారసుల తగువుల్లో మగ్గిపోయేది. కానీ మేత దొరికినంత మాత్రాన ఒంటబడుతుందా? ఒక చాట్‌బాట్‌ని గోదావరి యాసలో ఇద్దరు ఆడవాళ్ల సంభాషణ రాయమన్నాను. వాక్యానికో ‘ఆయ్’, మాటకో ‘అండీ’, మధ్యలో కొబ్బరిచెట్లూ, పూతరేకులూ. సినిమాల్లో గోదావరి అంటే ఏం చూపిస్తారో అదే. శ్రీపాదగారి ఆడవాళ్లు యాస కోసం మాట్లాడరు. పైకి మర్యాద చెక్కుచెదరకుండానే ఎదుటివాళ్లకి వాత పెడతారు. అనాల్సినమాట అనకుండా అనిపిస్తారు. ఆయన సంభాషణ పట్టుకోవాలంటే ఏ ఇంట్లో, ఎవరి ముందు, ఎవరు ఎంతవరకు మాట్లాడొచ్చో తెలియాలి. యంత్రం చేతికి చిక్కింది ఆ మాటల చివర్లు మాత్రమే.

‘యంత్రం చేసేదీ మనిషి చేసేదీ ఒకటే కదా, చదివి నేర్చుకోవడమే కదా’ అనేవాళ్లు నా స్నేహితుల్లోనూ ఉన్నారు. ఈ మాటకి రాజమండ్రిలోనే మంచి ఉదాహరణ ఉంది. కందుకూరి వీరేశలింగంగారి ‘రాజశేఖర చరిత్రము’ 1880లో పుస్తకంగా వచ్చింది. దానికి గోల్డ్‌స్మిత్ నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ప్రేరణ అన్నది ఆయనే దాచకుండా చెప్పుకున్న సంగతి. మరి ఆయన చేసింది తప్పా? కాదు. ఇంగ్లీషు పల్లెలోని పాదిరీ కుటుంబం ధవళేశ్వరంలో మరో కుటుంబమై, ఇక్కడి మూఢనమ్మకాలతో, ఇక్కడి మోసగాళ్లతో తలపడింది. తర్వాత అదే నవలని హచిన్సన్ ఇంగ్లీషులోకి అనువదిస్తే ‘ఫార్చ్యూన్స్ వీల్’ పేరుతో 1887లో లండన్‌లో అచ్చయింది. వెళ్లిన దారంతా పేర్లు కనపడుతూనే ఉన్నాయి: గోల్డ్‌స్మిత్, కందుకూరి, హచిన్సన్. ఎవరి దగ్గర ఎవరు ఏం తీసుకున్నారో పాఠకుడు లెక్క చూసుకోవచ్చు, విమర్శకుడు పోట్లాడవచ్చు. యంత్రంలో పడ్డాక పేరు కరిగిపోతుంది. పది లక్షల మంది వాక్యాలు కలిసిన ముద్దలో ఇది ఫలానావారిది అని చూపించే వీలు లేదు. చూపించలేనప్పుడు వాటా ఎలా కడతారు? పేజీల లెక్కనా? అమ్ముడైన కాపీల లెక్కనా? అమ్మకాల లెక్కయితే అంతా పెద్ద భాషల పెద్ద ప్రచురణకర్తలకే పోతుంది. పేజీల లెక్కయితే వార్తాపత్రికలు తన్నుకుపోతాయి. ఏ లెక్కలో చూసినా కథ శివారు పొలమే.

అయితే తెలుగువాళ్లంతా తలుపులు బిగించుకుంటే సరిపోతుందా? అదీ కాదు. రేపు మన పిల్లలు తెలుగులో ఏదన్నా అడిగితే జవాబు చెప్పేది ఈ యంత్రాలే. మంచి తెలుగు వాటికి అందకపోతే టీవీ స్క్రోలింగుల తెలుగే ప్రమాణమవుతుంది. కోనసీమ మాట, ఏజెన్సీ మాట, మెట్ట మాట లోపలికి పోకపోతే ఆ మాటలు లేనట్టే అవుతుంది. అంచేత నేను ‘ఇవ్వకండి’ అనడం లేదు. అడిగి తీసుకునే పద్ధతి కుదరదని మాత్రం ఒప్పుకోను. స్వేచ్ఛ సంస్థ చందమామ కథల పేరుతో తెలుగు యంత్రం తయారుచేసినప్పుడు ఇంజినీరింగు కాలేజీల పిల్లలు వేలమంది కూర్చుని కథల పేజీలు పోగుచేశారు, సరిచూశారు. అక్కడా హక్కుల ప్రశ్నలుంటాయి, లేవనను. కానీ ఏం పోస్తున్నామో, ఎక్కడి నుంచి తెచ్చామో మనుషులకి తెలిసే పని అది. ఆ పిల్లలే ఊళ్లలో రచయితల ఇళ్లకి వెళ్లి ‘మీ పుస్తకం ఇస్తారా మాస్టారూ’ అని అడిగితే కాదనేవాళ్లు ఎంతమంది ఉంటారు? మన రచయితల ఆకలి డబ్బు ఒక్కటే కాదు. ఎవరో చదివి, పేరు తలుచుకుంటే చాలనుకునేవాళ్లే ఎక్కువ. ‘ఒకే చెల్లింపు’ ఆ రెండో ఆకలిని లెక్కలోకే తీసుకోలేదు.

అందుకని కమిటీకి నేను చెప్పాలనుకున్నవి మూడే ముక్కలు. ఒకటి, రచయిత విడిగా, తన భాషలో, తన ఫోను నుంచే నమోదు చేసుకోగలగాలి. ఏ సంఘం ద్వారానో వెళ్లక్కర్లేకుండా. సాహిత్యానికి ఒక కుర్చీ కాదు, భాషకొక కుర్చీ ఉండాలి. రెండు, కంపెనీ ఏ పుస్తకాలు వాడిందో పుస్తకం పేరుతో, రచయిత పేరుతో బయటపెట్టాలి. స్థూలంగా ‘భారతీయ భాషల సాహిత్యం’ అంటే మనకి ఏమీ తెలిసినట్టు కాదు. మూడు, కాదనే హక్కు కొంతైనా మిగలాలి. ముఖ్యంగా ఒక రచయిత శైలిని అనుకరించి అమ్ముకునే పనులకి. డబ్బు కట్టాం గనక మీరు మాట్లాడకూడదు అనడం భూసేకరణలో చెల్లుతుందేమో గానీ, రచనలో కుదరదు.

‘గులాబీ అత్తరు’ మళ్లీ చదివినప్పుడు నాకు తోచినది ఇంకొకటుంది. ఆ పనివాడి పొరపాటు ఏమీ లేదు. ప్రభువు మంచితనం మీద నమ్మకం పెట్టుకున్నాడు, అంతే. ప్రభువు మంచివాడే. ఈ పత్రం రాసినవాళ్లూ చెడ్డవాళ్లు కారు. కానీ మధ్యనున్న గుమ్మాల సంగతి వాళ్లు రాయలేదు. వాటి గురించి చెప్పాల్సింది ఆ గుమ్మాల దగ్గర నిలబడి వెనక్కి వచ్చినవాళ్లే.

అనుబంధ హక్కుల గొడవ ఇంకా ముందుంది. యంత్రం రాసినదానికి రచయిత ఎవరు, దాని మీద కాపీరైటు ఉంటుందా అనేది రెండో భాగం. అది వచ్చేలోపు మనం చెయ్యగలిగిన పని ఒకటుంది. దానికి ఢిల్లీ వెళ్లక్కర్లేదు. రాసేవాళ్లు తమ కథల పట్టిక ఒకటి తయారుచేసుకోవాలి: ఏ కథ, ఏ పత్రికలో, ఏ ఏడాది, ఎవరికైనా రాసిచ్చామా లేదా. తాతగారి పుస్తకాలు అటక మీద ఉన్నవాళ్లు ఆయన పోయిన తేదీ, వారసుల పేర్లు ఒక కాయితం మీద రాసిపెట్టాలి. మనవలు ఒకరు హైదరాబాదులో, ఒకరు డాలస్‌లో ఉంటారు కాబట్టి ఇప్పుడే ఫోన్ చేసి అడగడం నయం. రేపు ఏ పద్ధతి వచ్చినా, ఎవరు వచ్చి అడిగినా, ‘ఇది మాది’ అని చూపించడానికి ఆ కాయితమే ఆధారం.